నాపబండ క్రింద నిలిచిన నీరు

ఒక్కమారు తుడిచి పారవేయు తడిగుడ్డ మరుగుదొడ్డిలో పడిన పిదప ఎక్కడికి పోవును? పదిమంది వాడుకొను దొడ్లలో మురుగు ఏల అంత తరచుగా నిలిచిపోవును? కర్నూలు, కడప సీమలలో ఈ చిన్న ప్రశ్నతో నీటి ఎద్దడియు, ఆడపిల్లల బిడియమును, సాటి మనిషి ప్రాణమును పెనవేసికొని యున్నవి.

కర్నూలు పాతబస్తీలో తుంగభద్ర యొడ్డునకు దిగు సందులలో నొకదానియందు, యాత్రికులును పరీక్షలకు వచ్చు విద్యార్థులును దిగుచుండు ఒక వసతిగృహమున, కొంతకాలము క్రిందట నేను పది దినములు ఉండవలసి వచ్చినది. వరుసగా ఎనిమిది గదులు. వరండా చివర అందరికిని కలిపి రెండు మరుగుదొడ్లు, ఒక స్నానపుగది. వాని ముందొక సిమెంటుతొట్టి, అందులో తేలుచుండు ఎఱ్ఱని ప్లాస్టిక్ చెంబు. మూడవనాటి తెల్లవారుజామున, అందరికంటె ముందు లేచినవాడు పోసిన బక్కెట్టెడు నీరు క్రిందికి దిగుటకు మారుగా బేసిను అంచుదాక ఉబికివచ్చి నిలిచినది. అతడు మాటాడక వెడలిపోగా, రెండవవాడు మరియొక బక్కెట్టు పోసెను. మూడవవాడును అదే చేసెను. ఈ విధముగా ఒకరి వెనుక నొకరు తమవంతు నీరు పోసి, తమవంతు మౌనము పాటించి తొలగిపోవుటచే, ప్రొద్దు పొడుచునప్పటికి వరండా సగముమేర మురుగుతో తడిసి, గదుల గడపలదాక దుర్గంధము వ్యాపించెను.

మేనేజరు కబురంపగా నడివయసు మనిషి యొకడు, భుజముపై వెదురుబద్దల కట్టతో, చేత గునపముతో వచ్చి, గోడవారగా పరచిన నాపబండలలో నొకదానిని పైకెత్తెను. బేతంచెర్ల పరిసరములందును కడప గనులందును పొరలుపొరలుగా విడివడు ఆ బండయే మన సీమలో ఇంటినేల. అదియే అరుగు, అదియే అటక, మురుగుకాలువకు మూతయు అదియే. ఆ బండ క్రింద చాంబరు నిండ నల్లని నీరు కదలక నిలిచియుండెను. అతడు వెదురుబద్దను పైపులోనికి నెట్టి, త్రిప్పి, లాగి, మరల నెట్టి, అరగంటసేపు పెనగులాడిన పిదప, బద్దకొనకు చుట్టుకొని మోకువంటి పదార్థమొకటి వెలుపలికి వచ్చెను. దానిని అతడు బండపై పరచి చేతితో విడదీయుచుండగా నేను దగ్గరగా వంగి చూచితిని. బిడ్డలను తుడుచుటకును మొగము తుడుచుకొనుటకును వాడు తడి వైప్స్ అవి. ఒకదానిలో నొకటి మెలివడి జడవలె అల్లుకొని యుండెను. అయినను ఏ ఒక్క గుడ్డకును అంచు చీలలేదు, ఒకదానిమీద అద్దిన పూలముద్ర యింకను స్పష్టముగా తెలియుచుండెను. వాని నడుమ రెండు ప్యాడ్లు, తలవెండ్రుకల ఉండలు, చింపిన షాంపూ ప్యాకెట్లు. అన్నిటిని అంటుకొని మైనమువంటి జిడ్డు.

"ఇవి నీళ్లల్లో కరిగేవి కాదు సార్. ఎన్ని దినాలైనా ఇట్లే ఉంటాయి. కాగితమైతే నానిపోతాది, ఇది గుడ్డ కదా! ఒకటి తట్టుకుంటే సాలు, ఎనకొచ్చేదంతా దానికే సుట్టుకుంటాది" అని అతడు చెప్పెను.

"చేతికి తొడుగులు లేవా అన్నా?" అని నేనడిగితిని.

"ఇచ్చినారు సార్. అవి తొడుక్కుంటే లోపల ఏం తగుల్తాండాదో ఏలికి తెలీదు" అని ఆ మనిషి మరల వంగి, చాంబరులోనికి భుజమువరకు చేయి పెట్టెను.

ఆ చేయి నేటికిని నా కన్నుల యెదుట నున్నది. వైప్ జారవిడిచిన వేళ్లు ఎవరివో మాలో ఎవరికిని తెలియదు; దానిని వెలికితీసిన వేళ్లను మాత్రము మేమందరము చూచితిమి. మన ఊళ్లలో ఉమ్మడి మరుగుదొడ్లు నిలిచిపోవుటకు మూలము పైపులోకంటె పైపునకు వెలుపల, ఆ గది మూలలో ఉండవలసిన ఒక మూతబుట్ట లేకుండుటలో నున్నదని నాకు ఆనాడు తోచినది. తరువాత విచారించినకొలది ఆ యూహ దృఢపడినదే గాని సడలలేదు.

కాగితము వేరు, గుడ్డ వేరు

చూచుటకు రెండును తెల్లనివే, రెండును పలుచనివే. కాని మరుగుదొడ్డిలో వాడు కాగితపుచుట్టకును తడి వైప్‌నకును పుట్టుకలోనే భేదము కలదు. కాగితము కొయ్యగుజ్జులోని పొట్టి నారలు ఒకదానినొకటి అంటియుండుటచే ఏర్పడినది. నీరు తగిలినంతనే ఆ అంటు సడలి, నారలు విడిపోయి, కాగితము గుజ్జుగా మారును. వైప్ అట్టిది కాదు. విస్కోసు, పాలిస్టరు మొదలగు పొడవైన నారలను పరచి, సూదులవంటి సన్నని నీటిధారలను మిక్కిలి ఒత్తిడితో వానిపై చిమ్మి, ఒకదానితో నొకటి చిక్కువడునట్లు చేసి దానిని తయారుచేయుదురు. తడిసియు చినుగకుండుట దాని ప్రయోజనము. అంగడిలో దానికి వెల కట్టించు గుణము అదియే. డబ్బాలో నెలల తరబడి తడిగా నుండియు చీకిపోని గుడ్డ, పైపులో అరగంట నానినంతమాత్రమున కరగునని ఆశించుట యెట్లు?

ప్యాడ్లును డైపర్లును ఇంతకంటె కఠినమైనవి. వాని గర్భమున నున్న పొడి, నీరు తగిలినకొలది పీల్చుకొని జిగురువలె ఉబ్బును. వెనుకవైపున ప్లాస్టిక్ పొర యుండును. చేతిలో నున్నప్పుడు అరచేయంత యున్న ప్యాడు, నాలుగంగుళముల పైపులో నీరు త్రాగి ఉబ్బినపుడు బిరడావలె బిగిసికొనును. దీనికితోడు బేసిను క్రింద మెడవలె వంగిన భాగమొకటి యుండును. మురుగువాయువు పైకి రాకుండ కొంచెము నీటిని అడ్డు నిలుపుకొను ఈ మెడలోనే మొదటి గుడ్డ చిక్కును. అచట తప్పించుకొన్నది పైపుల అతుకుకడనో, చాంబరులోని గరుకుసిమెంటు కడనో తగులుకొనును. తగులుకొన్నదానికి వెండ్రుక చుట్టుకొనును. వెండ్రుకకు జిడ్డు పట్టును. జిడ్డుకు మరియొక గుడ్డ అంటును. మురుగు నిలిచిన నాడు ఎల్లరును నిందించునది ఆనాటి చివరి మనిషిని. నిజమునకు ఆ ముడి వారముల క్రిందటనే పడియుండును.

కొన్ని డబ్బాలపై ‘ఫ్లష్ చేయవచ్చును’ అను మాట అచ్చువేయబడి యుండును. 2019లో కెనడాలోని టొరంటో నగరమున రయర్సన్ విశ్వవిద్యాలయమువారు 101 వస్తువులను పరీక్షించిరి. అందు 23 అట్టి మాటను తమపై వ్రాసికొన్నవే. మురుగుమార్గమున నిరపాయముగా విడిపోయిన వైప్ వానిలో ఒక్కటియు లేకపోయెను. ‘ఫ్లష్ చేయవచ్చును’ అనగా బేసినులోనుండి కంటికి మరుగగును అని మాత్రమే అర్థము. మరుగైనది కరగినదని అర్థము కాదు.

దాహపు సీమలో మురుగు నడక

ఈ చిక్కు లోకమంతట నున్నదే. కాని కర్నూలు, కడప సీమలలో దానికి తనదైన కాఠిన్యము కలదు. ఏడాది సగటు వర్షము 700 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండు నేల మనది. ఎండకాలము వచ్చిన కొలది బోర్లు ఇంకి, ట్యాంకరు రాకకై వీధులు ఎదురుచూచును. ఇట్టి చోట నీటిని పొదుపుగా వాడుట మన తల్లులు మనకు ఉగ్గుపాలతో నేర్పిన ధర్మము. అయితే మురుగునకు సైతము నడచుటకు నీరు కావలెను. పైపులోని మలినము అడుగున పేరుకొనకుండ సాగుటకు నీరు సెకనుకు సుమారు రెండడుగుల వేగముతో పోవలెనని మురుగుకాలువలు నిర్మించు ఇంజనీర్లు లెక్కకట్టుదురు. చెంబెడు నీటితో కదలవలసినది మలమాత్రమైనచో ఆ చెంబు చాలును. మన దేశమున ప్రబలిన వాలుబేసిను రెండు లీటర్ల నీటితోనే శుభ్రపడునట్లు రూపొందినది. 1970లో బీహారున సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ గారి కృషితో అది ఊరూర వ్యాపించినది. అది నీటితో కడుగుకొను మన యలవాటునకు సరిపోవునట్లు చేసిన పాత్ర. అందులో గుడ్డను పడవేయుట, మజ్జిగ వడగట్టు జల్లెడలో మట్టిని పోయుటవంటిది.

కాలువకు పూడిక యెంత శత్రువో మన సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1860ల దశకములో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ త్రవ్వించి, 1882లో ప్రభుత్వము కొనుగోలు చేసిన కర్నూలు–కడప కాలువ, సుంకేసుల కడ తుంగభద్ర నీటిని అందుకొని, 300 కిలోమీటర్లకు పైబడి నడచి కడపను చేరుచున్నది. తలయొద్ద వదలిన నీరు చివరి పొలమునకు అందకపోయిన యేడు, ఆయకట్టు రైతు గట్టువెంట నడచి, ఎచ్చట ఒండ్రు మేటవేసినదో, ఎచ్చట తూటికాడ అడ్డుపడినదో కనిపెట్టి, పార పట్టి తానే దిగును. పొలముకాలువలో గడ్డిపోచను చూచి కలతపడు ఆ రైతుబిడ్డయే పట్నపు వసతిగృహమునకు వచ్చినపుడు, కంటికి కానరాని కాలువలో తెలియక తానే పూడిక వేయుచున్నాడు.

ఇంకొక సంగతి కలదు. మనకు బండల నిచ్చిన సున్నపురాతి నేలయే మన బోరునీటికి కాఠిన్యము నిచ్చుచున్నది. కొళాయి మూతికి తెల్లని పెచ్చు పట్టని యిల్లు అరుదు. ఆ నీటిలోని కాల్షియము, సబ్బునందలి క్రొవ్వుతో కలసినపుడు నీట కరగని తెట్టు ఏర్పడును. వసతిగృహపు వంటింటినుండియు, ఉగ్గాని బజ్జీల అంగడినుండియు వచ్చు మాడిన నూనె దానికి తోడైనచో పైపు లోపలి గోడ నానాటికి మందమెక్కి, దారి నానాటికి ఇరుకగును. గుడ్డ ఆ జిడ్డుకు ఎముకవలె పనిచేయును. జిడ్డు ఆ గుడ్డకు మాంసమువలె పెరుగును. 2017 సెప్టెంబరులో లండను నగరమున వైట్‌చాపెల్ వీధి క్రింద ఇట్టి గడ్డ యొకటి బయటపడెను. దాని పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దానిని తొలగించుటకు పనివారికి తొమ్మిది వారములు పట్టెను. అందొక ముక్కను మరుసటి యేడు ఆ నగరపు మ్యూజియమున అద్దపుపెట్టెలో ఉంచి ప్రజలకు చూపిరి. అంత వెడల్పైన కాలువలు గల నగరమునకే అట్టి గతి పట్టినపుడు, మన సందులలో మూరెడు వెడల్పు కాలువలకు ఏమి రక్షణ?

నీటిని పొదుపు చేయుచున్నామని మనము అనుకొందుము. ఆనాడు ఆ వసతిగృహమున దొడ్డి తేటపడుటకు తొట్టిలోని నీరంతయు పోయవలసి వచ్చినది; సాయంకాలమునకు స్నానమునకు నీరు లేక పిల్లలు వీధికొళాయికడకు బిందెలతో పోయిరి. గుప్పెడు గుడ్డలు ఎనిమిది గదుల నీటిని మ్రింగినవి.

అంతటితోను కథ ముగియదు. కర్నూలున కాలువలు హంద్రిలోనికి, తుంగభద్రలోనికి వాలును; కడపలో బుగ్గవంకలోనికి, అందుండి పెన్నలోనికి వాలును. పొరుగూళ్లకు త్రాగునీరైన నదులే మన మురుగునకు దారులైనవి. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు ఒక్కటై కర్నూలును ముంచినపుడును, 2020 నవంబరులో నివర్ తుపానుతో బుగ్గవంక పొంగి కడప వీధులలోనికి వచ్చినపుడును, ఆ జలప్రళయములకు కారణము గుడ్డలు కావు, అది నిజము. కాని నీరు తగ్గిన పిదప ఇండ్లలో నిలిచిన మురుగు వెడలిపోవుటకు ఊరిలోని చిన్నకాలువ తెరపిగా నుండుట ఎంత యవసరమో ఆ రెండు నగరములకును బోధపడినది.

పదుగురి గది

మన సీమ ఉమ్మడి దొడ్ల సీమ. శ్రీశైలము, మహానంది, మంత్రాలయము, ఒంటిమిట్ట మొదలగు క్షేత్రములలో సత్రములు. కడప పెద్దదర్గా ఉరుసునకు దూరదేశములనుండి వచ్చువారి బసలు. బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపొందిన నంద్యాలలో వీధివీధిని వెలసిన హాస్టళ్లు. ఆసుపత్రులలో రోగుల వెంట వచ్చువారికై కట్టిన దొడ్లు. వీనియందన్నిట ఒక్క మరుగుదొడ్డిని దినమునకు పదుల కొలది మనుష్యులు వాడుచుందురు. సొంత ఇంటిలో బేసినులో గుడ్డ వేసినవానికి ఫలము తన గడపలోనే ఎదురగును; కనుక రెండవమారు వేయడు. ఉమ్మడి దొడ్డిలో వేసినవాడు మరునాడే బస్సెక్కును. ఫలము అనుభవించువాడు వేరొకడు. వేసినవాడు దుష్టుడని నేననను. వేయదగిన మరియొక చోటు అతనికి కానరాలేదు.

ఈ మాటకు తార్కాణముగా నేను ప్రత్యక్షముగా విన్నదానిని చెప్పెదను. కడప ప్రాంతమున ఒక బాలికల వసతిగృహమున నెలకు రెండుమార్లు మురుగు నిలుచుచున్నదని, పిల్లలకు ఎంత చెప్పినను వినరని, పెద్దలు విసుగుకొనుచుండిరి. నాతో వచ్చిన ఉపాధ్యాయిని లోనికి పోయి పిల్లలను చేరదీసి అడిగినది. చాలసేపటికి ఒక పిల్ల తలవంచుకొని చెప్పినది: "బుట్ట ఉండాది మేడం. కానీ అది కింద, వాచ్‌మన్ తాత కూర్చునే మెట్ల కాడ పెట్టినారు. అందరి ముందర చేతిలో పట్టుకోని ఎట్ల పోయేది?"

పెద్దలు లెక్కలో చూపిన బుట్ట పిల్లలకు నలువది అడుగుల దూరమున, ఒక పరాయి పురుషుని చూపుల యెదుట నుండెను. ఆ నలువది అడుగులు నడువలేని బిడియమే నెలకు రెండుమార్లు పైపున అడ్డుపడుచుండెను. ఆ బిడియమును తప్పుపట్టు హక్కు మనకు లేదు. ఋతుధర్మమును నోరెత్తి చెప్పుకొనరాని రహస్యముగా తరతరములనుండి నూరిపోసినది మనమే కదా! 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘స్వేచ్ఛ’ యను పేర 7 నుండి 12వ తరగతివరకు చదువు బాలికలకు నెలకు పదేసి ప్యాడ్లు ఉచితముగా ఇచ్చు కార్యక్రమమును ఆరంభించినది. బిడియమునకు బదులు భరోసా నిచ్చిన మంచి పని యది. అయితే చేతికి ఇచ్చిన ప్రతి ప్యాడును కొన్ని గంటల పిదప ఎక్కడనో ఒకచోట విడువవలసినదే. ఇచ్చుట సగము పని. విడుచుటకు చోటు చూపుట తక్కిన సగము. 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు వాడిన ప్యాడ్లను, డైపర్లను చక్కగా చుట్టి పొడిచెత్త బుట్టలో వేయవలెనని విధించినవి. చుట్టుటకు తగిన సంచిని తయారీదారులే ఇయ్యవలెనని కూడ చెప్పినవి. దొడ్డిలో బుట్టయే లేనిచోట ఆ విధి పుస్తకములోనే నిలిచిపోవును.

లోనికి దిగు మనిషి

దొడ్డిలోనుండి జారిన గుడ్డ చాంబరుకడ ఆగినచో వెదురుబద్ద చాలును. సెప్టిక్ ట్యాంకును చేరినచో, వీధి మ్యాన్‌హోలులో చిక్కినచో, కథ మారును. అచట మూతక్రింద గాలియాడని చీకటిలో మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు నిండియుండును. కుళ్లిన గ్రుడ్ల వాసనతో మొదట తన ఉనికిని చాటు ఈ రెండవ వాయువు, మోతాదు మించినపుడు ముక్కునకు వాసన తెలియు శక్తినే చంపివేయును. వాసన పోయినదని ధైర్యముతో దిగినవాడు తిరిగి రాడు. అతనిని పైకి లాగబోయి దిగిన రెండవవాడును, మూడవవాడును అదే గోతిలో ప్రాణములు విడిచిన వార్తలు మనము పత్రికలలో చదువుచునే యున్నాము.

చట్టము ఇందులకు సమ్మతింపదు. మానవ మలమును మనిషి చేత ఎత్తించుటను నిషేధించుచు 1993లో ఒక చట్టము వచ్చినది. దాని లోపములను పూరించుచు 2013లో మరియొక చట్టము వచ్చి, మురుగుకాలువలలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి రక్షణ సాధనములు లేకుండ మనిషిని దింపుటను నేరముగా పరిగణించినది. ఈ దురాచారముపై సాగిన పోరాటమునకు మన తెలుగు ఇంటిపేరు గల ఒక వ్యక్తి ముందు నిలిచెను. కోలారు బంగారుగనుల కాలనీలో, ఈ పనియే బ్రతుకుదెరువుగా గల కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ సంస్థను నెలకొల్పుటలో పాలుపంచుకొనెను. పేదల పక్షపాతిగా మన రాష్ట్రమున పేరుగాంచిన ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు ఆ ఉద్యమమునకు అండగా నిలిచిరి. 2003లో ఆ సంస్థ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పుచు, 1993 నుండి ఇట్టి గోతులలో మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల చొప్పున పరిహారము ఇయ్యవలెనని ఆదేశించినది. 2023 అక్టోబరు 20న వేరొక వ్యాజ్యమున ఆ మొత్తమును ముప్పది లక్షలకు పెంచినది. విల్సన్‌నకు 2016లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది.

యంత్రములును వచ్చినవి. ఇరుకుసందులలోనికి పోగల చిన్న జెట్టింగు వాహనములను 2017లో హైదరాబాదు జలమండలి ప్రవేశపెట్టినది. మ్యాన్‌హోలులోనికి తానే దిగి మురుగు నెత్తు మరబొమ్మను కేరళ యువకులు రూపొందించిరి. పారిశుద్ధ్యమును యంత్రపరము చేయుటకు ‘నమస్తే’ యను పథకమును కేంద్రప్రభుత్వము 2023లో చేపట్టినది. ఇవన్నియు ఆనందింపదగినవే. కాని యంత్రము రావలసిన అగత్యమును కల్పించుచున్నది మన చేతిలోని గుడ్డయే గనుక, యంత్రమునకంటె ముందు మన చేయి మారవలెను.

చేయదగినది, చేయరానిది

మరుగుదొడ్డిలో పడదగినవి మూడే: మలము, మూత్రము, నీరు. కాగితము వాడువారు నీట కరగు కాగితమునే వాడవలెను. వైప్స్, ప్యాడ్లు, డైపర్లు, దూది, తలవెండ్రుకలు, షాంపూ ప్యాకెట్లు, టీపొడి, మిగిలిన అన్నము, నూనె: ఇవి ఏవియు అందులో పడరాదు. నిజమునకు చెంబెడు నీరుండగా తుడుపుగుడ్డతో మనకు పని లేదు. ప్రయాణములోనో, రోగి పడకకడనో, పసిబిడ్డకో తప్పనిసరియై వాడినపుడు దానిని పాతపత్రికలో చుట్టి బుట్టలో వేయుట క్షణకాలపు పని.

వసతిగృహములు, సత్రములు నడుపువారికి నా విన్నపము మరికొంత నిర్దిష్టమైనది. ప్రతి మరుగుదొడ్డి లోపల, తలుపు గడియ వేసికొనిన పిదప చేతికి అందునంత దగ్గరగా, కాలితో నొక్కిన తెరచుకొను మూతబుట్ట నొకదానిని ఉంచుడు. దానిపక్కన గోడకు మేకువేసి పాతపత్రికల కట్టను వ్రేలాడదీయుడు. బుట్టను ప్రతిదినము ఖాళీ చేయు బాధ్యతను పేరుపెట్టి ఒకరికి అప్పగించుడు. ఆ పని చేయువారికి చేతొడుగులును, తగిన కూలియు ఇండు. నిండి పొర్లుచున్న బుట్ట లేని బుట్టతో సమానము. దానిని చూచినవారు మరల బేసినునే ఆశ్రయింతురు. తలుపు లోపలివైపున తెలుగునను, అవసరమైనచోట ఉర్దూ, కన్నడములందును, పెద్ద అక్షరములతో ఒక్క వాక్యము వ్రాయించుడు: ‘గుడ్డలు, ప్యాడ్లు ఈ బుట్టలో వేయండి.’ వేయవద్దని గద్దించుటకంటె వేయవలసిన చోటు చూపుట మేలు. స్నానపుగది తూమునకు జాలీ బిగించి, వెండ్రుకలను వారమునకొకమారు తీయింపుడు. వంటింటి నూనెను కాలువలో పోయక డబ్బాలో పట్టియుంచుడు.

నీరు మెల్లగా దిగుట మొదటి హెచ్చరిక. బేసినులో గుడగుడ చప్పుడు వచ్చుట రెండవది. ఆ దశలోనే చాంబరు మూత తెరిపించి చూపినచో పని సులభముగా తీరును. అడ్డుపడిన పిదప ఆసిడు పోయుట నిష్ప్రయోజనము. అది పాలిస్టరు గుడ్డను కరగింపదు, పైపును మాత్రము దెబ్బతీయవచ్చును. ఆసిడుతో బ్లీచింగుపౌడరు కలసినచో విషవాయువు పుట్టి, మూసిన గదిలో నున్నవాని ఊపిరితిత్తులకే ముప్పు తెచ్చును. సెప్టిక్ ట్యాంకు నిండినను, అడ్డుపడినను, కూలికి మనిషిని పిలిచి దింపుట ఎంతమాత్రమును తగదు. నగరపాలక సంస్థ వాహనమునే పిలువవలెను. ఇందులకై 14420 అను సహాయ సంఖ్యను ప్రభుత్వము ఏర్పాటు చేసియున్నది. ఒకరిద్దరు కూలీలు తాడుతో, బక్కెట్టుతో మ్యాన్‌హోలుకడ నిలిచియుండుట ఎచ్చట కనబడినను, ఆగి, దిగవద్దని చెప్పుడు.

చదువరీ, ఈమారు మీరు ఏ సత్రమున దిగినను, ఏ హాస్టలులో బిడ్డను చేర్చినను, మంచమెట్లున్నది, భోజనమెట్లున్నది అని అడుగునపుడు, మరుగుదొడ్డిలో మూతబుట్ట కలదా యని కూడ ఒక్కమాట అడుగుడు. నలుగురు అడిగిన వస్తువును యజమాని తప్పక తెచ్చి పెట్టును.

కర్నూలు వసతిగృహమున ఆనాటి సాయంకాలము మేనేజరు బజారుకు పోయి రెండు మూతబుట్టలు తెచ్చి, దొడ్డికొకటి లోపల ఉంచెను. నేనచట నున్న తక్కిన వారము దినములలో ఆ నాపబండను మరల ఎత్తవలసిన పని పడలేదు.